ఉబ్బిన గోడ

హెప్సిబా ఏం ఉద్యోగం చేస్తుందో కంకిపాడులో ఎవరికీ సరిగ్గా తెలియదు. తల్లి రావమ్మను అడిగితే "చుక్కలు కలుపుద్ది" అంటుంది. "ముగ్గులేసే ఉద్యోగమా?" అని చర్చిలో ఆడవాళ్ళు నవ్వారు.

రావమ్మ చెప్పింది అబద్ధం కాదు. లేజర్ యంత్రాన్ని గది మధ్య నిలబెట్టి తిప్పితే, వెలుగు తగిలిన చోటల్లా ఒక చుక్క పడుతుంది. కోట్ల చుక్కలు కలిసి ఆ గది కంప్యూటర్ తెర మీద పొగమంచులా తేలుతుంది. అందులో గోడ ఏదో, స్తంభం ఏదో పోల్చుకుని భవనాన్ని తెర మీద మళ్ళీ కట్టడం హెప్సిబా పని. రోజూ బస్సెక్కి బెజవాడ వచ్చి, ఎన్నడూ చూడని దేశాల బడుల్నీ ఆస్పత్రుల్నీ కడుతుంది.

ఈసారి వచ్చింది వన్‌టౌన్‌లో ఒక పాత మేడ. కింద కొట్లు, పైన అద్దెకున్న కుటుంబాలు. కొలిపించింది యజమాని. పై అంతస్తు గదిలో ఒక గోడ నిండు చూలాలి పొట్టలా ముందుకు ఉబ్బి ఉంది.

"వంపు ఉన్నదున్నట్టు గీసెయ్. యజమాని అడిగేది అదే" అంది టీమ్ లీడర్ ఉషశ్రీ.

"ఎందుకు మేడమ్?"

"శిథిల భవనమని తేలితే ఖాళీ చేయించడం తేలిక కదా. మనకెందుకులే, మనం గీసేవాళ్ళం."

హెప్సిబా చెయ్యి ఆగిపోయింది. వంపు గీస్తే అక్కడున్నవాళ్ళు వీధిన పడతారు. తిన్నగా గీస్తే ఆ గోడ వాళ్ళ మీదే పడొచ్చు. పేదవాళ్ళ గోడ ఏళ్ళ తరబడి తడిసినా ఎవరికీ పట్టదు. దాని కింది స్థలం మీద కన్ను పడ్డాకే కొలిచే యంత్రాలొస్తాయి. అలాగని గోడ బాగుందని అనడానికి తనెవరు? ఎటూ తోచక, సెలవురోజున ఆ మేడ వెతుక్కుంటూ వెళ్ళింది.

ఆ గదిలో ఉండేది జమీలా. పరుపులు కుట్టి అమ్ముతుంది.

"మొన్న కొలిచినోళ్ళ తాలూకానా? ఎప్పుడు ఖాళీ చెయ్యాలో చెప్పడానికొచ్చావా?"

"కాదండీ. నాకేం తెలీదు. గోడ చూద్దామని."

"తెలీనోళ్ళని కూడా పంపుతున్నారన్నమాట. రా, చూసుకో."

గోడ పొడవునా, కప్పు దాకా తెల్లటి దుప్పటి వేలాడుతోంది. హెప్సిబా చేత్తో నొక్కింది. మెత్తగా లోపలికి పోయింది.

"ఇదేంటి ఆంటీ?"

"పరుపులు. పెళ్ళి ఆర్డర్లు. పెద్దోళ్ళెవరో ఫోటోలు తీస్తారంటే, చిందరవందరగా కనిపిస్తే మన పరువేం కాను? అన్నీ పేర్చి కొత్త దుప్పటి కప్పా."

హెప్సిబాకు నవ్వొచ్చింది. గోడ ఉబ్బలేదు! మరుక్షణమే నవ్వు ఆగింది. యంత్రం చూసింది దుప్పటిని. మరి గోడనెవరు చూశారు?

ఇద్దరూ కలిసి పరుపులు లాగారు. గోడ కంటికి తిన్నగానే ఉంది. కానీ పైనుంచి కిందికి చెమ్మ, అందులో వేలు దూరేంత పగులు.

"ఇది ఎప్పటిదండీ?"

"నేను కాపరానికొచ్చినప్పుడే ఉంది. అప్పుడు ఇంత వెడల్పు ఉందో లేదో..." జమీలా పగుల్లో వేలు పెట్టి చూసింది. "పడుద్దంటావా?"

"తెలీదు ఆంటీ."

"నీకూ తెలీక, నాకూ తెలీక, మరెవరికి తెలుసంట?"

మర్నాడు ఆ గోడ ఉండాల్సిన చోటు ఖాళీగా వదిలేసింది హెప్సిబా. పక్కన రాసింది: 'ఇక్కడ కొలిచింది పరుపుల్ని. గోడ మళ్ళీ కొలవాలి. పగులు ఉంది, ఇంజనీరు వచ్చి చూడాలి.'

ఉషశ్రీ తల పట్టుకుంది. "గోడ లేని గది ఎవరికి పంపుతాం తల్లీ? వంపైనా వెయ్, తిన్నగానైనా వెయ్."

"రెండూ చూళ్ళేదు మేడమ్ మనం."

ఉషశ్రీ ఆ రాత మళ్ళీ ఒకసారి చదివింది. చివరికి అలాగే పంపింది. మళ్ళీ కొలుస్తామని యంత్రం తెచ్చినవాళ్ళ నుంచి కబురొచ్చింది.

హెప్సిబా జమీలాకు ఫోన్ చేసింది. "ఈసారి పరుపులు తీసెయ్యండి ఆంటీ. పగులు దాచొద్దు. అందాకా ఆ గోడ పక్కన ఎవరూ పడుకోవద్దు."

"చూపిస్తే బాగుచేయిస్తారా, పొమ్మంటారా?"

"అది నా చేతుల్లో లేదు ఆంటీ. ఇంజనీరు చూడాలని మాత్రం రాశాను."

"సరేలే. పరుపులెక్కడ పెట్టను? మేమెక్కడ పడుకోవాలి? ఉన్నది ఈ ఒక్క గదే కదమ్మాయ్."