బావిలోంచి వచ్చిన నాన్న

మగవాళ్ళు నలుగురు ఒకచోట చేరారంటే అది బీరు తాగడానికేనని ముప్పై ఏళ్ళుగా నా గట్టి నమ్మకం. అందుకే మంగలి ఇబుకి నేను టోఫు, అదే సోయా జున్ను, అమ్మే దుకాణానికొచ్చి, “పిన్నీ, మన బళ్ళో నాన్నల సంఘం పెడుతున్నాం” అని ఛాతీ విరుచుకుని చెప్పినప్పుడు, “పెట్టండి నాయనా, ఖాళీ సీసాలు మాత్రం మీరే కడుక్కోండి” అన్నాను. ఇబుకి సిగ్గుపడే రకం కాదు. గోడ మీద కాగితం అంటించి, ఒక టోఫు కూడా కొనకుండా వెళ్ళిపోయాడు.

ఆ కాగితం ముందు రోజూ సాయంత్రం నిలబడి చదివే మనిషి ఒకడుండేవాడు. అతనే కురమొచి. పంపుల కంపెనీలో మరమ్మతులు చేస్తాడు. వెదురుగడలా పొడుగు, మాట మాత్రం పొట్టి. కంపెనీ అతన్ని అయిదేళ్ళు ఉత్తరాన కుషిరోలో పడేసింది. భార్య తోమోయె, కూతురు మినోరి ఇక్కడే ఉండిపోయారు. ఏడాదికి రెండుసార్లు సెలవుల్లో వచ్చి, ఓ పెట్టెడు ఎండుచేపలు చేతికిచ్చి, చేపలు అయిపోకముందే వెళ్ళిపోయేవాడు. ఈ వసంతంలో కంపెనీ దయతలిచి ఇంటికి పంపింది.

మినోరికి తొమ్మిదేళ్ళు. నాన్న మూటాముల్లెతో గుమ్మంలోకి రాగానే ఆ పిల్ల మర్యాదగా వంగి దణ్ణం పెట్టి, చుట్టాలకు వేసే మంచి దిండు తెచ్చి వేసిందట. టీ పోసి, పక్కన బిస్కెట్టు పెట్టి, “ఈసారి ఎన్నాళ్ళుంటారండీ?” అని అడిగిందట. ఇది తోమోయె నా కొట్లో నవ్వుతూనే చెప్పింది. చెప్పడం అయ్యాక అటు తిరిగి ముక్కు చీదుకుంది.

“పిన్నిగారూ, మా అమ్మాయికి ఏమిటిష్టం?” అని ఒక సాయంత్రం కురమొచి నన్నడిగాడు.

“నీ కూతురి సంగతి టోఫు అమ్ముకునేదాన్ని అడుగుతావేమయ్యా? దాన్నే అడుగు.”

“అడిగాను. ‘మీ ఇష్టమండీ’ అంది.”

నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. పెళ్ళిచూపులకొచ్చినట్టు సొంత ఇంట్లో ఒద్దికగా కూర్చుంటే ఏ పిల్లయినా ఏం చేస్తుంది? టోఫు పొట్లం కట్టి చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదలకుండా ఇబుకి దుకాణం దాకా లాక్కెళ్ళాను. “ఇదిగో, నీ సంఘానికి ఓ పొడుగాటి నాన్న. జాగ్రత్తగా వాడుకో” అని అప్పగించాను.

మొదటి శనివారం బడి ఈతకొలను తోమే పని. మిగతా నాన్నలంతా నిక్కర్లలో వస్తే కురమొచి టై కట్టుకొచ్చాడు. పిల్లలు ఎదురుపడగానే అలవాటు కొద్దీ జేబులోంచి విజిటింగ్ కార్డు తీసి, రెండు చేతులా పట్టుకుని, ఏడేళ్ళ కుర్రకుంక ముందు నడుం వంచాడు. ఆ గడుగ్గాయి కూడా అంతే గంభీరంగా వంగి, కార్డు అందుకుని చదివి, తన జేబులోంచి పేడపురుగు బొమ్మ ఉన్న ఆటకార్డు తీసి ఇచ్చాడు. కురమొచి దాన్ని పర్సులో భద్రంగా దాచుకున్నాడు. నాన్నలంతా పాచి పట్టిన కొలనులో కూలబడి నవ్వారు. గట్టు మీద ఉన్న నేను నవ్వలేక పొట్ట పట్టుకున్నాను.

ఆ తరువాత ఇక చూడాలి మనిషిని! కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, పొద్దున్నే జెండా పట్టుకుని పిల్లల్ని రోడ్డు దాటించేవాడు, శనివారాలు వెదురుతో ఎక్కి నడిచే మరకాళ్ళు చేసిచ్చేవాడు, ఆదివారాలు గడ్డి కోసేవాడు. సంఘం వాళ్ళు బీరు తాగలేదని నేననను. పని అయ్యాకే తాగారు, అది వేరు సంగతి. ఒకే సందులో పదేళ్ళు కాపురమున్నా ఒకరి పేరొకరికి తెలియని మగాళ్ళు ఇప్పుడు నా కొట్టు ముందు నిలబడి, పిల్లలకు జ్వరమొస్తే తడిగుడ్డ నుదుటి మీద వెయ్యాలా, చంకలో పెట్టాలా అని కొట్టుకు చచ్చేవారు. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు చెప్పకుండానే ముగ్గురు వచ్చి నా కొట్టు తలుపులకు చెక్కలు కొట్టి వెళ్ళారు. అన్నిటికంటే వింత, ఈ వీధి ఆడవాళ్ళు శనివారం బారెడు పొద్దెక్కేదాకా నిద్రపోవడం నా జన్మలో మొదటిసారి చూశాను.

వీధి పిల్లలంతా కురమొచి వీపెక్కి ఊరేగేవారు. మినోరి మాత్రం సంచి రెండు చేతులా పట్టుకుని దూరంగా నిలబడి చూసేది. ఆయన చెయ్యి చాపితే తల వంచి దణ్ణం పెట్టేది.

“ఊళ్ళో పిల్లలందరికీ నాన్ననయ్యాను పిన్నిగారూ, మా అమ్మాయికి తప్ప” అన్నాడు ఒకరోజు. టోఫు ఒకటి ఎక్కువ వేసిచ్చాను.

ఆగస్టులో సంఘం బళ్ళో దయ్యాల కొంప పెట్టింది. కిటికీలకు నల్లగుడ్డలు కట్టి, వసారా అంతా చీకటి చేసి, పిల్లల్ని ఇద్దరిద్దరిగా లోపలికి వదులుతారు. అటు చివరిదాకా వెళ్ళినవాళ్ళకు చేతి మీద స్టాంపు. ఎవరు ఏ దయ్యమో ఇంట్లో చెప్పకూడదని ఇబుకి అందరిచేతా ఒట్టు వేయించుకున్నాడు.

“పంపులాయనకి బావి కాక ఇంకేం ఇస్తాం?” అని కురమొచిని అట్టపెట్టెలతో చేసిన బావిలో కూర్చోబెట్టారు. తెల్ల అంగీ, మోకాళ్ళ దాకా జుట్టు, మొహానికి సున్నం లాంటి పూత, చెవుల దాకా ఎర్రటి నోరు. మొగుడు మోసం చేస్తే చచ్చి దయ్యమైన ఆడది అన్నమాట! ఇంట్లో మాత్రం, “బయట మైదానంలో మొక్కజొన్న పొత్తులు కాలుస్తుంటాను” అని చెప్పి వచ్చాడు. ఒట్టు మరి.

నన్ను ఈ దయ్యాల ఆటలోకి దింపింది కూడా ఇబుకే. కొన్యాకు అనే దుంపపిండి ముద్దను కర్రకు వేలాడదీసి, చీకట్లో పిల్లల మెడకు తగిలించాల్సిన నాన్నకు ఆ పూటే నడుం పట్టేసింది. జిగురుగా, చల్లగా వణికే ఆ ముద్ద నా కొట్టుదే కాబట్టి కర్ర కూడా నా చేతికే వచ్చింది. నిజం చెప్పొద్దూ, నాకు భలే సరదాగా ఉంది. పదిమందిని కెవ్వుమనిపించాక నేనే దయ్యాన్నేమో అనిపించింది.

అప్పుడొచ్చింది మినోరి, స్నేహితురాలు సాయె చెయ్యి పట్టుకుని. దీన్ని వదిలేద్దాం, పాపం, అనుకున్నాను. నా చెయ్యి ఊరుకుంటేగా! కొన్యాకు వెళ్ళి సరిగ్గా ఆ పిల్ల మెడ వెనక అతుక్కుంది. అదే క్షణంలో బావిలోంచి తెల్లటి ఆకారం మెల్లగా లేచింది. సాయె వచ్చిన దారినే మాయమైంది. ముందు బావి, వెనక నా కొన్యాకు, మధ్యలో మినోరి ఒక్కతే.

పిల్లలంతా అప్పటిదాకా “అమ్మా!” అనే అరిచారు.

“నాన్నా!” అని అరిచింది మినోరి.

దయ్యం బిగుసుకుపోయింది. జుట్టు చీలికలోంచి ఎర్రటి నోరు తెరుచుకోవడం చూశాను.

“వస్తున్నా తల్లీ!” అని కేక పెట్టి ఒక్క దూకు దూకింది. బావి చిరిగి నడుం చుట్టూ వచ్చేసింది. దయ్యం ‘వస్తున్నా తల్లీ’ అంటూ మీదికొస్తే ఏ పిల్ల ఆగుతుంది? మినోరి దాని చంక కిందనుంచి దూరి పరుగు లంకించుకుంది.

“నాన్నా! నాన్నా!”

“ఇక్కడే ఉన్నానమ్మా! నేనే!”

ఆయన పలికినకొద్దీ ఆ పిల్ల ఇంకా వేగంగా పరిగెత్తింది. ఆ పిల్ల పిలిచినకొద్దీ ఆయన ఇంకా గట్టిగా పలికాడు. తెరలు చించుకుంటూ, చెప్పుల అరలు దాటుకుంటూ ఇద్దరూ మైదానంలో పడ్డారు. వెనకాల కొన్యాకు కర్ర ఊపుకుంటూ, “ఒరే ఆగండ్రా!” అని అరుస్తూ నేను. వరసలో నిలబడ్డ పిల్లలు ఇదీ ఆటలో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు.

మినోరి నేరుగా మొక్కజొన్న పొయ్యి దగ్గరికే పోయింది. నాన్న అక్కడేగా ఉంటానన్నాడు! విసనకర్రతో నిప్పులు విసురుతున్న ఇబుకి వెనక నక్కి, “మా నాన్నేడీ? మా నాన్నేడీ?” అని అంగీ పట్టి గుంజింది.

“అదుగో, నీ వెనకే వస్తున్నాడు.”

“అది దయ్యం, మావయ్యా!”

“దయ్యమే. మీ నాన్నే.”

కురమొచి రొప్పుతూ వచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. జుట్టు ఒక చెవి మీదికి జారింది. చెమటకు సున్నం కరిగి ఎర్రనోరు గడ్డం దాకా కారుతోంది. మాట్లాడదామంటే ఊపిరి అందడం లేదు. మినోరి కళ్ళు చికిలించి చూసింది. ఇప్పుడు వంగి, ‘శ్రమ ఇచ్చాను, క్షమించండి’ అంటుందేమోనని నాకు భయం పట్టుకుంది. పొరుగింటిదాన్ని నాకే అలా ఉంటే ఆయనకెలా ఉందో!

మినోరి పక్కనున్న మాడిపోయిన మొక్కజొన్న పొత్తు అందుకుని ఆయన నెత్తిన ఠపీమని ఒక్కటిచ్చింది.

“బుద్ధుందా నీకు? ఇక్కడుంటానని ఎక్కడికి పోయావు? నేను ఎంత పిలిచాను! వినపడదా?”

“విన్నానమ్మా... అందుకే...”

“అబద్ధం! నువ్వు రాలేదు! ఎంత పిలిచినా రాలేదు!”

కొడుతూనే భోరుమంది. పొత్తు విరిగిపోతే పిడికిళ్ళతో గుద్దింది. ఆయన ఒక్క దెబ్బ కూడా తప్పించుకోలేదు. “తప్పయింది తల్లీ, తప్పయింది” అంటూ ఆ కారిపోతున్న మొహంతో ఏడుస్తూ నవ్వుతున్నాడు. అటుపక్క మంచుగోలా అమ్ముతున్న తోమోయె గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది, మంచు కరిగి మోచేతి దాకా కారుతున్నా చూసుకోలేదు. ఇబుకి పొగ కళ్ళలో పడిందన్నాడు. గాలి అటువైపు లేదు, నేను చూశాను.

కాసేపటికి మినోరి ఆయన అంగీతోనే ముక్కు తుడుచుకుంది.

“నాకు స్టాంపు రాలేదు. పద. నువ్వు ముందు నడు.”

బావి తొడుక్కున్న దయ్యం, దాని చెయ్యి పట్టుకున్న పిల్ల మళ్ళీ లోపలికి వెళ్ళారు. లోపల దాక్కున్న నాన్నలకు ఇంతకంటే మంచి బేరం దొరుకుతుందా? ఉన్న దయ్యాలన్నీ ఒక్కసారే మీదపడ్డాయి. లోపలినుంచి కెవ్వుమని కేక వినిపించింది. అది ఆడపిల్ల గొంతు కాదు. ఇంకో కేక. తన చేతులతో తనే కట్టిన పుర్రెను చూసి కురమొచి పెట్టిన కేక అది!

అటు గుమ్మంలోంచి మినోరి బయటికొచ్చింది, చేతి మీద స్టాంపుతో, ఆయన్ను చెయ్యి పట్టి ఈడ్చుకుంటూ. వరసలో ఉన్న పిల్లలందరికీ వినపడేలా తలెత్తి అరిచింది:

“మా నాన్న అంత పిరికివాడు ఈ ఊళ్ళోనే లేడు!”

అవునవునంటూ కురమొచి ఒక్కొక్కరికీ వంగి వంగి దణ్ణాలు పెట్టాడు.