మా సరోజ కేబులుకు తొడిగిన రింగు

మా సరోజ ఎంచిన రింగు పరీక్షలో పాసయింది. ముందు ఈ మాట చెప్పేస్తే గానీ మిగతాది రాయడం నాకు చేతకాదు. ఏడో తరగతితో బడి మానేసిన నేను, నా కూతురు ఎంచిన సామాను నేలలోకి పారే కరెంటును పట్టుకోవడం నా రెండు కళ్లతో చూసి వచ్చాను. ఆ సంతోషం ఇంకా గుండెల్లో అలాగే ఉంది.

సరోజ నా చిన్న కూతురు. జగదల్పూరు నుంచి నగర్‌నార్ వెళ్లే దారిలో ఒక కంపెనీ పంపుహౌసులో ఎలక్ట్రికల్ ఇంజినీరు. కంపెనీ పేరు రాయవద్దంది, రాయను. అక్కడి కొత్త పంపు మోటారుకు కాపలా కాసే సీటీని, అంటే కరెంటును కొలిచే రింగులాంటి ట్రాన్స్‌ఫార్మర్‌ను, తనే ఎంచి తెప్పించింది. అది పై ఇంజినీరు గారికి నచ్చలేదు. పరీక్షలో పనిచేయకపోతే పాత పద్ధతే ఉంచుతామని, తనను స్టోర్సులో కూర్చోబెడతామని చెప్పారట. "నువ్వు వచ్చి నిలబడితే చాలు నాయనా" అని ఫోనులో అంది. ఆ మాట తర్వాత ఎవరు ఆగుతారు చెప్పండి.

కొంటా నుంచి వచ్చే తొలి బస్సు మా ఎర్రబోరు దగ్గర తెల్లవారగానే దొరుకుతుంది. దోర్నపాల్, సుక్మా, తోంగ్‌పాల్ మీదుగా, దర్భా ఘాటు ఎక్కి దిగి, మధ్యాహ్నానికి జగదల్పూరు చేరుస్తుంది. టికెట్టు మూడు వందల లోపే. కిటికీ పక్కన కావాలంటే ఎడమవైపు కూర్చోండి, ఎండ తగలదు. నేను సంచిని ఒళ్లో పెట్టుకోవడం చూసి కండక్టరు నవ్వాడు.

"ఏంది పెద్దాయనా, అంత గట్టిగ పట్టుకున్నవ్, బంగారమా?"

"చింతపండు. మా బిడ్డకు."

"బిడ్డ ఏం జేస్తది?"

"దారి తప్పిన కరెంటును పడతది."

"అట్లనా, మా మామ ఇంటి సంగతి మాత్రం చెప్పకు. కరెంటు తీగకు కొక్కెం ఏసుకున్నడు" అని ముందుకు వెళ్లిపోయాడు.

జగదల్పూరులో దిగి నగర్‌నార్ వైపు వెళ్లే షేరాటో ఎక్కాను. నిండితే గానీ కదలదు, అరగంట చేతిలో పెట్టుకోండి. పక్కన సొరబుర్రలో రాగి అంబలి పట్టుకుని ఒకామె కూర్చుంది. పేరు సోమారి. హల్బీ భాషలో పలకరించి, బిడ్డ దగ్గరికి పోతున్నానని చెప్తే, తనదీ ఆ పంపుహౌసులోనే పని అంది. నడుము లోతు నీళ్లలో దిగి, పంపు ముందున్న జాలీకి పట్టిన నాచు తీస్తుందట.

"కళ్లజోడు మేడం నీ బిడ్డనా దాదా? టెస్టింగ్ అయ్యేదాక నీళ్లల్ల దిగొద్దంటది. జాలీ నిండ నాచే. నేను నీళ్లకు భయపడేదాన్నా?" అంటూ ఆకుదొప్పలో అంబలి పోసి ఇచ్చింది. చల్లగా, పుల్లగా, ప్రాణం లేచి వచ్చింది. అప్పుడు తెలిసింది నాకు, సరోజ పరీక్ష ఒక్క సరోజది కాదని.

గేటు దగ్గర నా చెప్పులు చూసి లోపలికి పంపలేదు. బుధ్‌రామ్ అనే ఫిట్టరు తన పాత బూట్లు తెచ్చి ఇచ్చాడు. అవి నాకు రెండు వేళ్లు పెద్దవి. వాటిని ఈడ్చుకుంటూ వెళ్తుంటే సరోజ నవ్వాపుకోలేకపోయింది. పరీక్షకు ఇంకా సమయం ఉండడంతో నన్ను బల్ల మీద కూర్చోబెట్టి విషయం చెప్పింది. అక్కడ కరెంటు నేలకు తగిలితే, అది పది ఆంపియర్లు దాటకుండా ఒక పెద్ద రెసిస్టరు అడ్డం పెట్టారు. దానివల్ల పేలుళ్లు, మంటలు తక్కువ.

"మంచిదే కదా బిడ్డా. మరి పాత సీటీలకు ఏమైంది?"

"అవి మోటారు లోడుకు సరిపడేవి నాయనా, నాలుగు వందల ఆంపియర్లవి. ఇప్పపువ్వు బస్తాలు తూచే కాటా మీద ఒక్క పువ్వు పెడితే ముల్లు కదుల్తదా? తప్పు ఎంత చిన్నగ ఉంటదో చూసి సీటీ ఎంచాలె, మోటారు ఎంత పెద్దదో చూసి కాదు."

తన చేతిగాజు తీసి, అందులోంచి మూడు రంగుల దారాలు దూర్చి చూపింది. మూడు తీగలూ ఒకే రింగులోంచి పోతే, వెళ్లేదీ వచ్చేదీ కలిసి సున్నా అవుతుందట. మా దొడ్డి గేటు లెక్కే. పోయినన్ని పశువులు తిరిగి వస్తే మాట్లాడేది లేదు. ఒకటి వేరే దారిన పోతే లెక్క తప్పుతుంది, అది చూసి రిలే అనే మీట మోటారును ఆపేస్తుంది.

పరీక్ష మొదలైంది. కేబులు రెండు కొసలూ విప్పి, మోటారు దగ్గర ఒక తీగను నేలకు తగిలినట్టు ఉండాలని కేబులు లోపలి రాగి పొరకు కావాలనే కలిపారు. రిలే ఉండే కరెంటు పెట్టె దగ్గర పరీక్ష మిషనుతో ఆ తీగలోకి ఐదు ఆంపియర్లు పంపారు. రిలే పలకలేదు. మళ్లీ పంపారు. మళ్లీ పలకలేదు.

పై ఇంజినీరు గారు విశాఖ వైపు మనిషి. "చూడమ్మా సరోజా, ముందే చెప్పాను కదా. పెద్ద సీటీలు మూడుండగా ఈ గాజు దేనికి అంటే విన్నావు కాదు" అన్నారు. తలుపు దగ్గర సోమారి నిలబడి చూస్తోంది.

సరోజ విడిగా ఒక తీగ తెచ్చి రింగులోంచి దూర్చి, అంతే కరెంటు పంపింది. రిలే టక్కుమని పడింది. "రింగు మంచిదే సార్. లోపల ఇంకేదో లెక్కను సరిచేస్తోంది" అని టార్చి పట్టుకుని వంగింది. కాసేపటికి పచ్చ ఎర్తు తీగను వేలితో పట్టుకుంది. రాగి పొర నుంచి వచ్చే ఆ తీగ రింగు లోపలి నుంచి పైకి వెళ్తోంది.

"ఇట్ల ఎవరు పెట్టిన్రు?"

"నేనే దీదీ" అన్నాడు బుధ్‌రామ్. "లైట్ల పెట్టెలల్ల మీరే కదా చెప్పిన్రు, ఎర్తు తీగ రింగులకెల్లి తిప్పి తేవాలని."

"అక్కడ రాగి పొర కూడా రింగు దాటి పైకి పోతది బుధ్‌రామ్, అందుకే తీగ తిరిగి రావాలె. ఇక్కడ పొర రింగు కిందనే ఆగింది. తీగ బయటనే ఉండాలె."

నాకు వెంటనే వెలిగింది. దొంగదారిన వెనక్కి వస్తున్న ఆవును కూడా తెచ్చి గేటులోంచే తోలాం. ఇక లెక్క ఎలా తప్పుతుంది? బుధ్‌రామ్ తీగ విప్పి రింగు బయటికి తీశాడు. ఐదు ఆంపియర్లు పంపారు. టక్. ఆ శబ్దం నా కూతురు పుట్టినప్పటి ఏడుపంత తియ్యగా వినబడింది.

తర్వాత అన్నీ కలిపి మోటారు నడిపారు. మొదలయ్యేటప్పుడు అది చాలా కరెంటు లాగుతుంది, కేబులు రింగుకు నట్టనడుమ లేకపోతే రిలే ఉత్తుత్తి కేక వేస్తుందట. వేయలేదు. నీళ్లు పైకి లేచాయి. పై ఇంజినీరు గారు "మిగతా పంపులకూ ఆ గాజులే తెప్పించమ్మా" అన్నారు. సరోజ ముఖం ఎలా ఉందో రాయడం నా వల్ల కాదు.

ఆ రాత్రి తన క్వార్టరులో చింతపండు పులుసు వండుకుని తిన్నాం. ఇన్నేళ్లూ పెద్ద సామాను ఉన్నచోట పెద్ద కాపలా ఉంటే చాలనుకున్నాను. మనిషి ప్రాణం తీసేది చిన్న కరెంటే అయితే, కాపలా దానికి తగ్గట్టే ఉండాలని ఇప్పుడు తెలిసింది. మీరూ పిల్లల పనిచోటు చూడడానికి వెళ్తుంటే ఒకటే సలహా, మీ కాలికి సరిపోయే మూసిన బూట్లు వేసుకుని వెళ్లండి.

ఇక చెప్పవలసిన వాళ్లు: మా ఆవిడకు ఫోనులో చెప్పేశాను, ఇల్లు చేరాక మళ్లీ చెప్పాలి. కొంటాలో మా తమ్ముడు. భద్రాచలంలో సరోజ మేనత్త. ఆవపల్లిలో మా పెద్ద బావ, ఫోను అందదు కాబట్టి సంతకు వచ్చేవాళ్లతో కబురు పంపాలి. సరోజ అమ్మమ్మ, చెవి దగ్గర గట్టిగా. దాదా, అంటే అన్నా, అని పిలిచింది కాబట్టి సోమారి కూడా చెల్లెలే. కానీ ఆమెకు నేను చెప్పనక్కర్లేదు. "ఇంక దిగొచ్చు" అని సరోజే చెప్పింది, ఆ మాట పూర్తికాకముందే ఆమె నీళ్లలో ఉంది.