బెల్లం పొయ్యి దగ్గర చెప్పవలసిన మాట

మొన్న ఇంటర్ చదివే మనవరాలు సెల్‌ఫోన్ తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "తాతయ్యా, నువ్వు జువాలజీ మేస్టారివి కదా, ఇదేటో చెప్పు" అంది. తెరమీద జీవకణం లోపలి బొమ్మ కదులుతోంది. పూసలదండలాంటి సన్నని పోగు ఒకటి, ఇంకా తయారవుతూ ఉండగానే, పొరలో ఉన్న చిన్న రంధ్రంలోంచి అవతలికి దూరుతోంది. దూరి, అక్కడ మెలికలు తిరిగి, ముడుచుకుని, రెండు మూడు చోట్ల ముడులు పడి, ఒక రూపం తెచ్చుకుంటోంది. ఆ రూపం కుదిరితేనే దానికి పని. కుదరనిదాన్ని కణమే చెరిపేసుకుంటుంది. కుదిరినదాన్ని చిన్న తిత్తిలో పెట్టి బయటి పొర దాకా సాగనంపి నెత్తుట్లోకి వదులుతుంది. బొమ్మ కింద పేరు చదివాను. ఇన్సులిన్. కళ్ళద్దాలు తుడుచుకునే మిషతో లేచి పెరట్లోకి వెళ్ళిపోయాను.

నేను నర్సీపట్నంలో జూనియర్ కాలేజీలో కొత్తగా చేరిన రోజుల్లో, భర్త పోయిన మా అక్క మా ఇంట్లోనే ఉండేది. ఉన్నట్టుండి చీపురుపుల్లలా చిక్కిపోతే పరీక్ష చేసిన డాక్టరుగారు, ఇది చక్కెర జబ్బు, ఇన్సులిన్ ఇంజక్షను లేకుండా ఈమె బతకదని తేల్చేశారు. మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఇంట్లో వేలు గుచ్చి చూసుకునే మిషన్లు అప్పుడు లేవు. గాజు గొట్టంలో నీలం మందునీళ్ళు పోసి, అందులో మూత్రపు చుక్కలు వేసి, స్పిరిట్ దీపం మీద కాచేవాణ్ణి. నీలంగానే ఉంటే క్షేమం. ఆకుపచ్చ, పసుపు దాటి ఇటుక రంగుకి తిరిగితే ప్రమాదం. పొద్దున్నే అక్క నా వెనకాలే నిలబడి, దేవుడి హారతి చూసినట్టు ఆ గొట్టాన్నే చూస్తూ ఉండేది.

మొదట్లో మందు సీసాని తడిగుడ్డ చుట్టిన కుండలో ఉంచేవాళ్ళం, గొట్టంలో నీళ్ళు నీలంగానే ఉండేవి. ఎండలు ముదరకముందే, మా వీధిలో అందరికన్నా ముందు, నేనొక ఫ్రిజ్ కొన్నాను. మందు చల్లగా ఉండాలన్నారు డాక్టరుగారు. ఎంత చల్లగా అని నేను అడగలేదు. చదువు చెప్పేవాణ్ణి, అడగడం నామోషీ అనిపించింది. అన్నిటికన్నా చల్లని చోటే మంచిదనుకుని, పైన ఐసు పట్టే అరలో పెట్టాను. పొద్దున్న చూస్తే సీసా ఐసుకి అతుక్కుపోయి ఉండేది. చెంచాతో తట్టి ఊడదీసి, అరచేతుల మధ్య కరిగించి సిరంజిలోకి ఎక్కించేవాణ్ణి.

కొన్నాళ్ళకే గొట్టంలో రంగు మారడం మొదలైంది. నేను మోతాదు పెంచాను. అయినా ఇటుక రంగే. అవి చెరకు ఆడే రోజులు. కోటవురట్ల దగ్గర అక్క మరిదిగారి తోటలో బెల్లం వండుతున్నారు, అక్క అప్పుడప్పుడూ వెళ్ళి వస్తోంది. బెల్లం వండేచోటికి వెళ్ళిన చుట్టాన్ని పాకం రుచి చూపించకుండా పంపడం మావైపు లేదు. నా అనుమానానికి అంతకన్నా ఏం కావాలి?

ఒకరోజు కాలేజీ కాగానే సైకిలు తొక్కుకుంటూ నేరుగా పొయ్యి దగ్గరికే వెళ్ళాను. పెనంలో పాకం కుతకుతలాడుతోంది. అక్క తోడికోడలు, "ఏటక్కా, గుటకేస్తే కొంపలు మునిగిపోతాయేటి? మేస్టారు బెత్తం అట్టుకొస్తాడని బయవేటి?" అని పరాచికాలాడుతోంది. అక్క చేతిలో పాకం పోసిన ఆకు ఉంది.

"పొద్దున్నే నేను సూది పొడుస్తుంటే, నువ్విక్కడ కూర్చుని పాకం నాకుతున్నావా?" అని అందరి ఎదుటా అరిచాను.

"నోట ఎయ్యలేదురా తమ్ముడా. నీ పెళ్ళానికే అట్టుకెళ్తన్నాను. కడుపుతో ఉంది కదా, తినాలనుందంది" అంది అక్క.

నేను ఆ ఆకు లాగి పొయ్యిలో పడేశాను. ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పటినుంచి అక్కకి ఆ చుట్టాల్లో బెల్లం దొంగ అని పేరు పడిపోయింది.

ఆ తర్వాత వంటింటి అలమరకి తాళం వేశాను, అక్కకి అన్నం తగ్గించాను. తగ్గించినకొద్దీ ఆమె తగ్గింది గాని రంగు తగ్గలేదు. ఒక మధ్యాహ్నం కాలేజీకి కబురొచ్చింది. పరుగున వెళ్ళేసరికి అక్క వాంతులై, స్పృహ తప్పుతూ, పరుగెత్తి వచ్చినదానిలా రొప్పుతోంది. ఊపిరిలో బాగా మగ్గిన జీడిమామిడి పండు వాసన. రిక్షాలో పడుకోబెట్టి ఆస్పత్రికి తీసుకుపోతున్నంతసేపూ, తల నా ఒళ్ళో ఉండగా కూడా, ఎంత తినేసిందో అనే నేను తిట్టుకున్నాను.

అక్కడ తమ మందు ఎక్కించి, ఇంట్లో వాడుతున్న సీసా పట్టుకురమ్మన్నారు. ఇంటికి వచ్చి, అలవాటు చొప్పున చెంచాతో తట్టాను. ఆ చప్పుడుకి నా చెయ్యి ఆగిపోయింది. ఆ వారమే క్లాసులో గుడ్డు ఉదాహరణ చెప్పి ఉన్నాను: ప్రొటీనుకి బలం దాని మడతల్లోనే ఉంది, మడత చెడితే ఉడికిన గుడ్డు మళ్ళీ పచ్చిగుడ్డు కాదు, వేడి ఒక్కటే కాదు, గడ్డకట్టడమూ కొన్నిటి రూపాన్ని చెరుపుతుంది అని. పిల్లలచేత రాయించాను కూడా. సీసా కరిగించి వెలుగుకి ఎత్తి చూశాను. విరిగిన పాలలో లాగా సన్నని తునకలు తేలుతున్నాయి. రోజూ కనబడినవే. ఐసు ముక్కలనుకున్నాను.

అక్క బతుకుతుందో లేదో తెలియని ఆ గడియలో కూడా నాకు ముందు గుర్తొచ్చింది నా పరువు. సీసాని కాలవలో పగలగొట్టి, చెయ్యి జారి పడిపోయిందని డాక్టరుగారికి చెప్పాను. కొత్త సీసా ఫ్రిజ్ తలుపు అరలోకి మారింది. రెండురోజులు ఎటూ చెప్పలేమన్నారు డాక్టరుగారు, ఆ తర్వాత అక్క తేరుకుంది. గొట్టంలో మళ్ళీ నీలం కనబడ్డ రోజున చుట్టాలంతా, "తమ్ముడు కట్టడి సేసేడు కాబట్టే బతికింది" అన్నారు. నేను కాదనలేదు. అక్క మాత్రం మరి ఆ పొయ్యి వైపు వెళ్ళలేదు.

చాలా ఏళ్ళ తర్వాత, ఇద్దరం అరుగు మీద కూర్చుని ఉండగా, ఉండబట్టలేక అంతా చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. "అయితే నాను దొంగని కాదన్నమాట" అని నవ్వింది. మళ్ళీ తనే, "నాకెందుకురా ఆ మాట? నాను తిన్నేదని నాకు తెల్దేటి? పొయ్యి కాడ అన్నావు, పొయ్యి కాడే సెప్పు" అంది.

వచ్చే బెల్లం వంటకి తప్పకుండా అన్నాను. ఆ యేడు పరీక్షలు అడ్డొచ్చాయి, మరుసటి యేడు పెళ్ళి, ఆపై యేడు ఏదో ఒకటి. అక్క మళ్ళీ అడగలేదు. గాలిలో పాకం వాసన వచ్చినప్పుడు ఒకసారి నావైపు చూసేది, అంతే. అలాగే వెళ్ళిపోయింది.

మొన్న పెరట్లోంచి అటునుంచి అటే బస్సెక్కి కోటవురట్ల వైపు వెళ్ళాను. ఆ తోటలో ఇప్పుడు చెరకు లేదు, సరుగుడు వేశారు. పొయ్యి ఎక్కడ ఉండేదో చూపించేవాళ్ళు కూడా దొరకలేదు. ఈ రోజుల్లో మందు పెట్టె మీదే గడ్డకట్టనివ్వవద్దని అచ్చు వేసి ఉంటుంది, ఏ పిల్లయినా ఫోనులో బొమ్మ చూసి తెలుసుకోగలదు. అది నాకు అప్పుడూ తెలుసు. నాకు చేతకానిది నలుగురిలో నోరు విప్పడం. చేతనయ్యేసరికి ఆ నలుగురూ లేరు, ఆ పొయ్యీ లేదు.

ఆనాడు ఆ పొయ్యి చుట్టూ కూర్చుని నవ్వినవాళ్ళలో ఏ ఒక్కరైనా మిగిలి ఉండి ఇది చదువుతుంటే, వారికి ఈ మాట. మా అక్క ఆ రోజు పాకం నోట వేయలేదు. ఆ ఆకు మా ఇంటికి తెస్తోంది.