తాళం పిన్ని చెప్పిన మంచి మాట

మా పిన్ని ఆడవాళ్ల బట్టలు కుడుతుంది. ముప్ఫై ఏళ్లుగా మెడలో టేపు వేసుకుని తిరుగుతోంది కాబట్టి, వీధిలో ఎవరు నెల తప్పారో వాళ్ల అత్తగారి కంటే ముందే ఆమెకు తెలుస్తుంది. ఎవరు దిగులుతో చిక్కిపోయారో, ఎవరి వీపు మీద కమిలిన మచ్చ ఉందో అన్నీ చూస్తుంది. ఒక్క ముక్క బయటకు పొక్కనివ్వదు. అందుకే అందరూ ఆమెను తాళం పిన్ని అంటారు. నేను ఆమె అక్క కూతుర్ని, ఆ కొట్లోనే పని నేర్చుకున్నాను. నాకు మాత్రం ఆ పేరు ఈ జన్మలో రాదు, నా నోట్లో నువ్వుగింజ నానదు.

పిన్ని పుట్టుకతో ఇలా లేదని మా అమ్మ చెబుతుంది. వయసులో ఉన్నప్పుడు ఆమె నోటికి హద్దూ పద్దూ ఉండేది కాదట. సూది విరిగితే సూదిని, దాన్ని అమ్మినవాణ్ని, వాడి తాతముత్తాతల్ని కలిపి తిట్టిపోసేదట. ఒకరోజు లావుపాటి ఆవిడెవరో కొలతలిచ్చి, బట్టలు సర్దుకోవడానికి తెర వెనక్కి వెళ్లింది. ఆవిడ వెళ్లిపోయిందనుకుని పిన్ని, "ఈవిడ నడుముకి ఒక టేపు చాలదే, రెండు ముడెయ్యాలి" అంది. కొట్లో అందరూ పగలబడి నవ్వారు. ఇంతలో తెర తొలగింది. ఆవిడ బల్ల మీదున్న తన గుడ్డ మడతపెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నమాజుకు నిలబడితే పిన్నికి నోరు పెగల్లేదట. ఆ మాటన్న నోటితో అల్లా పేరు ఎలా తలుచుకోవాలని మా అమ్మ దగ్గర వెక్కి వెక్కి ఏడ్చిందట. మర్నాడే ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి క్షమాపణ అడిగింది. ఆనాటి నుంచి బూతు లేదు, ఎగతాళి లేదు, ఊసుపోక చెప్పే కబురు లేదు.

మొదట్లో నాకు ఒళ్లు మండేది. పొద్దస్తమానం మిషన్ ముందు కూర్చునేవాళ్లు కబుర్లు లేకుండా ఎలా బతుకుతారు? నేను "పిన్నీ, ఆ మేడ మీదావిడ..." అని మొదలుపెడితే చాలు, ఆమె పెడల్ గట్టిగా తొక్కేది. నా మాట ఆ చప్పుడులో కొట్టుకుపోయేది. చప్పుడు ఆగగానే నేను మళ్లీ అందుకుంటే, "ఆ మాటతో ఆవిడకేమైనా మేలుందా? పోనీ నీకుందా? మరెందుకే?" అనేది.

మాతో రెండేళ్లు పనిచేసిన పిల్ల ఒకతె ఉంది. మేమంతా చిన్నది అని పిలిచేవాళ్లం. మొగుణ్ని వదిలి పసిబిడ్డతో అన్న ఇంటికి చేరింది. అక్కడ వదిన దెప్పిపొడుపులు భరించలేక, మా కొట్టు కంటే ఎక్కువ జీతమిచ్చే యూనిఫాంల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. ఆ పని దొరికితే బిడ్డతో విడిగా ఒక గదిలో ఉండొచ్చని ఆమె ఆశ.

ఫ్యాక్టరీ సూపర్‌వైజరమ్మ వాకబు చేయడానికి మా కొట్టుకొచ్చింది. నేనా పూట గుండీలు కొనడానికి వెళ్లాను, ఉండి ఉంటే కథ మరోలా నడిచేది. జరిగింది తర్వాత పక్క మిషన్ ఆమె చెప్పింది.

"మీ దగ్గర పనిచేసిందట కదా, మనిషి ఎలాంటిది?" అని ఆవిడ అడిగింది.

"మనుషుల గురించి నేను మాట్లాడనమ్మా" అంది పిన్ని, కత్తెర ఆపకుండా.

"మంచిదేనా, అది చెప్పండి చాలు."

"మీరే చూసుకోండి."

నాలుగు రోజుల తర్వాత చిన్నది బిడ్డను చంకనేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. "పిన్నీ, నా గురించి ఏం చెప్పారు?"

"ఏమీ చెప్పలేదే."

"అందుకే నాకు పని ఇవ్వలేదు. తాళం పిన్ని ఎవరి గురించీ చెడు చెప్పదట. మంచిదాన్నయితే మంచిదని చెప్పేవారేనట. ఏదో ఉండబట్టే మాట దాటేశారట" అని గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మంచి మాట చెప్పు, లేదంటే ఊరుకో అని కదా మన ప్రవక్త బోధ? నువ్వు రెండోది గట్టిగా పట్టుకుని మొదటిదాన్ని గాలికొదిలేశావు పిన్నీ!" అన్నాను.

నాలుగు చీవాట్లు తప్పవనుకున్నాను. కానీ ఆమె ముఖం పాలిపోయింది. "నా నోరు శుభ్రంగా ఉంటే చాలనుకున్నానే. దాని బతుకు ఏమవుతుందో చూసుకోలేదు" అంది. సగం కుట్టిన జాకెట్టు చెయ్యి మిషన్ మీదే వదిలేసి బురఖా తగిలించుకుంది. తనకోసం చిన్నది కుట్టిన కుర్తా ఒకటి సంచిలో పెట్టుకుని, నన్ను పదమంది.

ఫ్యాక్టరీలో సూపర్‌వైజరమ్మ కూర్చోమన్నా పిన్ని కూర్చోలేదు. కుర్తా తిరగేసి బల్ల మీద పరిచింది.

"పైకుట్టు ఎవరైనా బాగానే వేస్తారు, మీరు లోపల చూడండి. రెండేళ్లలో ఒక్క గుడ్డ పాడుచెయ్యలేదు. ఏ రోజు ఇస్తానంటే ఆ రోజు ఇచ్చేది. కాజాల పని మాత్రం నిదానం, దాంట్లో ఇంకా చెయ్యి తిరగలేదు. మొన్న నేను చెప్పకపోవడం నా తప్పు, దానిది కాదు."

"మరి మొగుణ్ని ఎందుకు వదిలేసింది?"

"అది నాకు తెలుసు. మీ మిషన్లకి మాత్రం దాంతో పనిలేదు."

నాకు ఈల వేయాలనిపించింది. సూపర్‌వైజరమ్మ లోపలి కుట్టు మీద వేలుతో రాసి రాసి చూసింది. చివరికి "సోమవారం నుంచి రమ్మనండి" అంది.

ఇక ఇంటికి పోదామన్నాను. పిన్ని వినిపించుకోకుండా చిన్నదాని అన్న ఇంటికి దారితీసింది. అన్నే తలుపు తీశాడు. ఆయన వెనక వదిన, ఆమె వెనక బిడ్డను ఎత్తుకుని చిన్నది నిలబడ్డారు.

"నావల్ల నీకు అన్యాయం జరిగిందమ్మా, నన్ను క్షమించు. సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారు" అని పిన్ని ముందు చిన్నదానికి చెప్పింది. తర్వాత అన్న వైపు తిరిగి మొదలుపెట్టింది. పాలిచ్చే బిడ్డ ఉన్నా ఒక్కరోజు ఆలస్యంగా రాలేదంది. పక్క మిషన్ ఆమెకు జ్వరమొస్తే ఆమె పని కూడా తనే కుట్టి పెట్టిందంది. తన కొట్లో ఇంత మంచి పిల్ల ఇంతవరకూ పనిచెయ్యలేదంది. పిన్ని ఒక మనిషి గురించి అంతసేపు మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

అన్న తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "మా చెల్లి గురించేనా అమ్మా మీరు చెప్పేది?" అన్నాడు. ఇన్నాళ్లూ ఆ పిల్ల గురించి ఆ ఇంట్లో ఎవరూ ఒక్క మంచి మాట అనలేదని నాకు అప్పుడు తెలిసింది.

"మీ చెల్లి గురించే నాయనా" అంది పిన్ని, మళ్లీ మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.