సరిహద్దు గోడ వెంట మామాతో

ఫింటాస్‌లో చలికాలపు ఉదయాన సముద్రం మీంచి పొగమంచు వచ్చి కిటికీని కమ్మేస్తే, చల్లటి తేమ ముఖానికి తగలగానే నా గుండె ఇప్పటికీ దడదడలాడుతుంది. మామా గుర్తొస్తుంది. ఇక్కడ కువైట్‌లో ఇంటి యజమానురాలిని పనివాళ్ళమంతా అలాగే పిలుస్తాం. నేను కనిపెట్టుకుని ఉన్న మామా ఆడపిల్లల బడిలో చరిత్ర చెప్పి రిటైరైన పెద్దావిడ. ఇంగ్లండు ఉత్తర భాగంలో, రోమన్లు తమ రాజ్యానికి హద్దుగా కట్టిన రాతిగోడ గురించి ఏళ్ళ తరబడి పాఠం చెప్పింది గానీ కళ్ళతో చూడలేదు. ఆ గోడ వెంబడి ఈ తీరం నుంచి ఆ తీరం దాకా కాలిబాట వేశారని తెలిశాక ఇక ఆగలేదు.

వేసవికి కుటుంబమంతా లండన్ వెళ్ళినప్పుడు, నన్ను వెంటబెట్టుకుని రైలెక్కింది. ఆమెకు షుగరు. స్టేషన్‌లో ఆమె కొడుకు నన్ను పక్కకు పిలిచి, "అమ్మకేమైనా అయితే నిన్నే అడుగుతా" అన్నాడు. నా వీసాకు పూచీ ఉన్న కఫీల్ ఆయనే. బాట మీద మామా రాళ్ళను తడిమి, కాపలా సైనికుల గదులు చూపించి సంబరపడుతుంటే, నేను ఆమె అడుగులే చూశాను. గోడను సరిగా చూసిందే లేదు.

ఒక మధ్యాహ్నం కొండ అంచున పొగమంచు దిగింది. పక్కనున్న గోడ కూడా మసకబారింది. మామా చెయ్యి చెమటతో చల్లబడింది, మాట తడబడింది. కూర్చోబెట్టి పళ్ళరసం తాగించి, ఖర్జూరాలు తినిపించాను. ఫోనుకు సిగ్నల్ లేదు. సాయం కోసం పరుగెత్తితే, తిరిగొచ్చేసరికి ఈవిడ మళ్ళీ దొరుకుతుందా?

"భయంగా ఉందా, మార్తా?" అంది.

"లేదు మామా."

"నాకుంది. నీకు లేదంటే నేనొక్కదాన్నే భయపడాలి."

అప్పుడు చెప్పేశాను. ఆమె చచ్చిపోతుందేమోనని, నన్ను జైల్లో పెడతారేమోనని, అమలాపురంలో నా పిల్లలు ఏమైపోతారోనని. అంతా విని, "అయితే నన్ను బతికించుకో. ఇంకో ఖర్జూరం పెట్టు" అంది.

ఆమె తేరుకున్నాక, గోడను తడుముకుంటూ, ఒకరినొకరు పట్టుకుని కింద ఊళ్ళోకి దిగాం. సాయంత్రం కొడుకు ఫోన్లో కేకలేస్తుంటే మామా, "దారి ఎంచుకున్నది నేను. క్షేమంగా చేర్చింది మార్త. ఖలాస్" అని ఫోన్ పెట్టేసింది. మర్నాడు నేను బస్సెక్కుదామంటే వెంటనే ఒప్పుకుంది. అవతలి తీరం చూడకుండానే తిరిగొచ్చాం. కొన్నేళ్ళకు ఆమె పోయింది.

ఇప్పుడు ఊరి నుంచి కొత్తగా వచ్చిన అమ్మాయిలు మా గదిలో దిగుతుంటారు. "నాకేం భయం లేదక్కా" అంటూ అటు తిరిగి ముసుగు తన్నుతారు. పక్కన కూర్చుంటాను.

"నాకైతే ఇన్నేళ్ళయినా భయమేత్తాదమ్మా" అంటాను.

కాసేపటికి ఇటు తిరుగుతారు.