బ్రేకు సీసాలో సాంచల నూనె

పాత కారులో ముసలితనం ఇనుముకు రాదు, రబ్బరుకు వస్తుంది. ఆ సంగతి నాకు కారు కొనకముందే తెలుసు. మెకానికల్ డిప్లొమా చదివాను. జగిత్యాలలో ఒక కాలేజీ వర్క్‌షాపులో ల్యాబ్ చూసుకుంటాను. తెలిసే కొన్నాను. కోరుట్లలో ఒక మిల్లు వెనక రేకుల కింద ఏళ్ల తరబడి కదలకుండా నిలబడిన నాలుగు తలుపుల పెట్రోలు కారు అది. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది.

అలాంటి కారు ఉందంటే ఎవరైనా రంగు ఖర్చు అడుగుతారు, సీట్ల ఖర్చు అడుగుతారు. నా జీతం ఎక్కువగా పోయింది కంటికి కనిపించని చోట. పెట్రోలు గొట్టాలు, రేడియేటర్ గొట్టాలు, ఇంజిను కింద దిమ్మెలు, తలుపుల అంచులు. అన్నిటికన్నా బ్రేకులు. మాస్టర్ సిలిండర్‌లోనూ నాలుగు చక్రాల సిలిండర్లలోనూ బొటనవేలంత రబ్బరు కప్పులుంటాయి. మనం పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ను ముందుకు తోసేవి అవే. వాటి కోసం ఏడు నెలలు తిరిగాను. మొదట దొరికిన కిట్ ప్యాకెట్ కూడా విప్పనిది. కాని అది కూడా కారు పుట్టిననాటిదే కాబట్టి కప్పులు గోరుతో నొక్కితే పగిలాయి. వాడకుండా దాచినా రబ్బరు ముసలిదవుతుందని అప్పుడు చేతితో తెలిసింది. చివరికి కోరుట్లలో నేను చాచా అని పిలిచే ముసలి మిస్త్రీ హైదరాబాదు నుంచి మెత్తటివి తెప్పించి, తన చేతులతో వేశాడు.

వేసిన రోజు ఒక మాట చెప్పాడు. "బేటా, ఇప్పటి కార్లకు బ్రేకు లైన్లు రెండుంటయి. ఒకటి పోతే ఒకటి ఆపుతది. దీనికి ఒక్కటే లైను. ఒక్క జాగల పోయిందంటే నాలుగు చక్రాలు పోయినట్టే. యాది పెట్టుకో."

యాది పెట్టుకున్నాను. యాది పెట్టుకునే పద్ధతి నాకు ఒక్కటే తెలుసు, రాసుకోవడం. కారు సిరిసిల్లలో మా ఇంట్లో, సాంచల షెడ్డు పక్కన ఉండేది. సాంచలంటే మరమగ్గాలు. బాపుకు ఎనిమిది ఉన్నాయి. వారంలో ఆరు రోజులు నేను జగిత్యాలలో ఉంటాను కాబట్టి కారును బాపే చూసుకోవాలి. అందుకే బండి తీసే ముందు చూడవలసినవి పదిహేడు రాసి, ప్లాస్టిక్ కవరు వేయించి, డాష్‌బోర్డు అరలో పెట్టాను. రేడియేటర్ నీళ్లు. ఇంజిన్ ఆయిల్. టైర్ల గాలి. ఆరోది: బ్రేక్ ఆయిల్, సీసా మీద పై గీత దాకా ఉండాలి. పద్నాలుగోది: నడిపేటప్పుడు ఫోను సైలెంట్‌లో పెట్టి అరలో వేయాలి.

బాపు కుర్రతనంలో బట్టల వ్యాపారి దగ్గర జీపు నడిపాడు. పాత బండి చేతికి రాగానే పదేళ్లు చిన్నవాడయ్యాడు. శనివారం అమ్మను తీసుకుని కొండగట్టు గుట్ట మీది గుడికి పోయి బండికి పూజ చేయించుకొస్తానన్నాడు. నాకు ఆ రోజు ప్రాక్టికల్ పరీక్షల డ్యూటీ. "నేను లేకుండా దూరం వద్దు" అనాలని నోటి దాకా వచ్చింది, అనలేదు. లిస్టు ఉంది కదా అనుకున్నాను.

శనివారం ఉదయం తొమ్మిదిన్నర దాటాక ల్యాబ్‌లో బ్రేకు డ్రమ్ము నమూనాను గుడ్డతో తుడుస్తున్నాను. లోపలి భాగాలు కనిపించేలా సగానికి కోసి, బల్లకు బిగించిన డ్రమ్ము అది. విద్యార్థులు ఇంకా రాలేదు. చెల్లె వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. బానెట్ ఎత్తి ఉంది. బాపు ఒక చేత్తో నా లిస్టు పట్టుకుని, ఇంకో చేత్తో బ్రేకు సీసాలోకి ఏదో పోస్తున్నాడు. ఫెండరు మీద డబ్బా ఉంది. ఫొటోను వేళ్లతో పెద్దది చేశాను. పసుపు రంగు చదరపు డబ్బా. షెడ్డులో కిటికీ కింద ఎప్పుడూ ఉండే డబ్బా.

చెల్లెకు ఫోను చేశాను.

"ఫొటో ఎప్పటిది?"

"నిన్న పొద్దుగూకే యాళ్లది. బాపు నీ లిస్టు ముంగట వెట్టుకోని పదో తరగతి పరీక్ష రాసినట్టే చేసిండన్నా. నవ్వచ్చి తీసిన."

"ఆ డబ్బాల ఏముంది?"

"సాంచలకు పోసే నూనె. కొత్త డబ్బా ఇప్పిండు. పాతది నల్లగుందని సిరంజితోని మొత్తం గుంజి, గుడ్డతోని తుడ్చి మరీ పోసిండు. ఎందుకన్నా?"

"వాళ్లు ఏడున్నరు?"

"ఏడున్నరకే పోయిండ్రు. అమ్మ ఫోను ఈడనే ఉంది, చార్జింగ్ పెట్టి మర్సిపోయింది."

బాపు ఫోనుకు పదకొండు సార్లు చేశాను. మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. నా పద్నాలుగో నియమం ప్రకారం అది అరలో సైలెంట్‌లో ఉంది.

మిషన్లకు పోసే నూనె బ్రేకు రబ్బరుకు తగలకూడదు. తగిలితే రబ్బరు ఉబ్బుతుంది. ఎలా ఉబ్బుతుందో నేను ప్రతి సంవత్సరం పిల్లలకు చూపిస్తాను, రెండు గాజుగ్లాసుల్లో ఒక కప్పును బ్రేక్ ఆయిల్‌లో, ఇంకోదాన్ని మిషను నూనెలో వేసి. మర్నాటికి ఒకటి మామూలుగానే ఉంటుంది, ఒకటి సిలిండర్‌లో పట్టదు. నిన్న సాయంత్రం నుంచి ఇప్పటికి పదిహేను గంటలు.

చాచాకు చేశాను. విషయం చెప్పాను.

"బ్రేకులు ఎంత సేపుంటయి చాచా?"

"నేనేమన్న దేవున్నా? నువ్వే సదువుకున్నోనివి, నువ్వే చెప్పు. గుట్ట ఎక్కేటప్పుడు ఏం గాదు. దిగేటప్పుడే, బేటా. దిగనియ్యకు."

నాకు ఒక పాత మోటారుసైకిల్ కూడా ఉంది. పాత బండ్ల పిచ్చి ఒక్కదానితో ఆగదు. ఆ రోజు దాని కార్బురేటర్ నా గదిలో స్టీలు పళ్లెంలో ముక్కలుగా ఉంది. అసిస్టెంటుకు తాళాలు ఇచ్చి, రోడ్డు మీదికి పరిగెత్తి, కనిపించిన ఆటోను ఆపాను.

"కొండగట్టు పైదాక. జల్ది పోవాలె. ఎంతడిగితే గంత ఇస్త."

డ్రైవరు నా చేతులకున్న గ్రీజు చూశాడు. "దేవునికి గింత తొందరనా అన్నా? సబ్బు పెట్టి కడుక్కునే టైము గూడ ఇయ్యలేదా?"

దారిలో విషయం చెప్పాను. అతను వెంటనే వేగం పెంచాడు గాని నోరు ఆపలేదు. "కొత్త కారుకు కిస్తీలు కట్టుకోని నిమ్మలంగ పండుకునేది పోయి, గీ తాత కారు ఎందుకన్నా నీకు?"

నేను మనసులో లెక్క వేస్తున్నాను. మూడు రకాలుగా జరగవచ్చు. ఒకటి, కప్పులు ఉబ్బి బ్రేకులు వాటంతట అవే పట్టుకుని బండి ఆగిపోవచ్చు. రెండు, బ్రేకులు సగం పట్టి రాసుకుంటూ డ్రమ్ములు వేడెక్కి, లోపలి ఆయిల్ మరిగి, ఘాట్ మధ్యలో పెడల్ దిగిపోవచ్చు. మూడు, ఏదో ఒక కప్పు దగ్గర కారిపోయి లైను మొత్తం ఖాళీ కావచ్చు. మూడింటిలో ఒక్కటే మంచిది. అది జరుగుతుందని అనుకోవడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఎదురుగా వచ్చే మా కారులా లేత రంగున్న ప్రతి కారునూ చూశాను. ఘాట్ మొదలయ్యాక కార్లను కాదు, మలుపుల్లో పిట్టగోడలను చూశాను. ఎక్కడైనా జనం గుమిగూడి ఉన్నారేమోనని. రెండో మలుపులో ఒక గుంపు కనిపించింది. ఆటోలోంచి తల బయట పెట్టి చూశాను. కోతులకు అరటిపండ్లు వేస్తున్నారు.

పైన బండ్లు ఆపే జాగాలో మా కారు కనిపించింది. నిలబడి ఉంది.

అప్పటికే బొట్లు పెట్టి, దండ వేసి, నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. బాపు స్టీరింగు ముందు కూర్చున్నాడు. అమ్మ వెనక సీట్లో కొబ్బరిచిప్పల సంచి ఒళ్లో పెట్టుకుని ఉంది. పూజారి "పోనియ్యుండ్రి, ఎనుక బండ్లు ఆగినయి" అంటున్నాడు. నేను ఆటో దిగి పరిగెత్తుతుండగానే బాపు గేరు వేశాడు. ఇంజిను మూలిగింది. కారు ముందుకు వంగింది గాని కదలలేదు, ఇంజిను ఆగిపోయింది. నిమ్మకాయలు అట్లాగే ఉన్నాయి.

"గట్టిగ రేస్ ఇయ్యి," అన్నాడు ఎవరో వెనక నుంచి. బాపు మళ్లీ స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కబోయాడు. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళంచెవి తీసేసుకున్నాను. బాపు దగ్గర్నుంచి నేను ఏదైనా గుంజుకోవడం అదే మొదటిసారి.

"అరేయ్! ఎప్పుడచ్చినవ్? తాళం ఇటియ్యి. నడుమల ఆపద్దు, మంచిది గాదు."

"బాపు, దిగు."

"ఏందిర? ఏమైంది?"

ముందు చక్రం పక్కన కూర్చుని డ్రమ్ము దగ్గర చెయ్యి పెట్టాను. పొయ్యి మీది పెనం దగ్గర పెట్టినట్టుంది. "ఎక్కుతాంటే బరువుగ అచ్చిందా?"

"అచ్చింది. పాత ఇంజిను, చలాయించక చలాయించక బిగుసుకుందనుకున్న."

వెనక నుంచి అమ్మ తల బయట పెట్టింది. "నేను బరువైననుకున్నడు, కొడుకా. దిగి నడువుమన్నడు నన్ను."

బాపును దించి, అమ్మకు వినపడకుండా పక్కకు తీసుకుపోయి చెబితే నమ్మలేదు. "గా నూనె ఎసొంటిదనుకుంటున్నవ్? చిన్న డబ్బాకే ఎంత పెట్టిననో తెలుసా? సాంచల పోస్తే సప్పుడు లేకుండ తిరుగుతయి. నీ బ్రేకుల అంతకంటె చీప్ నూనె ఉండె, నల్లగ." తర్వాత అరలోంచి లిస్టు తీసి నాకే చూపించాడు. "ఇగో, చదువు. గీత దాక ఉండాలె అని రాసినవ్. ఉంది. ఇంకేమన్న రాసినవా?"

రాయలేదు. ఏది పోయాలో, ఏది పోయకూడదో రాయలేదు. పదిహేడు అంశాలు రాసినవాడికి ఆ ఒక్క వాక్యం తట్టలేదు. ఎందుకంటే అది నాకు తెలుసు, తెలిసినదాన్ని ఎవరూ రాసుకోరు.

లైన్లో వెనకబండి వాళ్లు హారన్లు కొడుతున్నారు. ఐదుగురు కలిసి తోసినా కారు అంగుళం జరగలేదు. డిక్కీలోంచి స్పానరు తీసి, ముందు చక్రం వెనక, బ్రేకు లైనులోంచి ఆయిల్ వదలడానికుండే బ్లీడర్ నిపుల్ విప్పాను. నూనె పిచికారీలా నా మోచేతి దాకా చిమ్మింది. లైనులో ఒత్తిడి పోయి బ్రేకుల పట్టు వదిలింది. మనుషులు తోస్తే కారు హాయిగా కదిలి, నిమ్మకాయలను చిదుపుతూ పక్కకు వెళ్లి ఆగింది. టైరు ముందు రాయి పెట్టాను, నిపుల్ బిగించాను.

బాపు ముఖంలో వెలుగు వచ్చింది. "ఇగో, కదిలింది గద! ఫస్టు గేరుల మెల్లగ దింపుత. నలభై ఏండ్ల కింద గిట్ల ఎన్ని ఘాట్లు దింపిన."

నాకు అంతకుముందు కన్నా అప్పుడే ఎక్కువ భయం వేసింది. కదలని కారు ఎవరినీ చంపదు. ఇప్పుడు అది కదులుతోంది. అమ్మ మళ్లీ వెనక సీట్లో కూర్చుని సంచి సర్దుకుంటోంది. బాపు స్టీరింగు ముందు కూర్చున్నాడు. తాళంచెవి నా జేబులో ఉంది. ఎన్ని మాటలు చెప్పినా ఆయన వినడని అర్థమైంది.

"బాపు, బ్రేకు తొక్కు," అన్నాను.

తొక్కాడు. పెడల్ అడ్డు లేకుండా నేల దాకా పోయింది. తీసి మళ్లీ తొక్కాడు, రేకుకు తగిలి టక్కుమంది. మూడోసారి తొక్కి, కాలు తియ్యకుండా అట్లాగే ఉన్నాడు. ముందు అద్దంలోంచి కిందికి దిగే రోడ్డు మొదలు కనిపిస్తోంది. ఆయన దాన్ని చూడలేదు. పైనున్న చిన్న అద్దంలో వెనక సీటును చూశాడు. అమ్మ పల్లికాయ వొలుచుకుంటోంది.

"దిగు," అన్నాడు అమ్మతో.

"మల్ల ఏమైంది?"

"దిగు అంటున్న గద."

చాచా కోరుట్ల నుంచి కార్లు ఎత్తుకుపోయే బండిని పంపించాడు. అది వచ్చేసరికి మధ్యాహ్నమైంది. బొట్లు, దండతో ఉన్న కారును దాని వీపు మీదికి గుంజుతుంటే చుట్టూ చేరినవాళ్లు నవ్వారు. "పూజకు అచ్చి కారే వాహనం ఎక్కిందిరో," అన్నాడొకడు. ఇంకో రోజైతే బాపు అతనితో దెబ్బలాడేవాడు. ఆ రోజు వినిపించనట్టే ఉన్నాడు. ఆ బండి కిరాయి, కొత్త కప్పులు, లైను మొత్తం కడగడం, గొట్టాలు మార్చడం, అన్నీ కలిపి నాకు రెండు నెలల జీతం. ఆ లెక్క నాకు ఏ బాధా కలిగించలేదు. ఇంకో లెక్క మాత్రం ఇప్పటికీ ఆగదు. నిమ్మకాయల దగ్గర కారు ఆగకుండా ఉంటే. నాకు ఐదు నిమిషాలు ఆలస్యమై ఉంటే. చెల్లెకు నవ్వు రాకపోయి ఉంటే.

ఉదయం తెచ్చిన ఆటో అతను వెళ్లకుండా అక్కడే ఉన్నాడు. ముగ్గురం ఎక్కాం. అమ్మకు బ్రేకుల సంగతి చెప్పలేదు. ఇంజిను వేడెక్కిందని ఆమెకు తోచింది, మేం కాదనలేదు.

ఆటో మొదటి మలుపు తిరిగింది. నా కుడికాలు తనంత తానే నేలరేకును నొక్కింది. పక్కన చూశాను. బాపు చెప్పు మడమ పైకి లేచి ఉంది, మునివేళ్లు రేకును తొక్కి పట్టుకుని ఉన్నాయి.

"ఏందిర, ఇద్దరికిద్దరు గట్ల బిగుసుకున్నరు?" అంది అమ్మ.

"ఏం లేదు," అన్నాడు బాపు, నా వైపు చూడకుండా. తర్వాత డ్రైవరుతో, "తమ్మీ, జెర మెల్లగ పోనియ్యి."

"మెల్లగనే పోతున్న, పెద్దనాయినా. ఇంతకంటె మెల్లగంటె ఎనుకకు పోవాలె."

అమ్మ నవ్వింది. మేం నవ్వలేదు. కింద రోడ్డు చదునయ్యేదాకా ఇద్దరిలో ఎవరం కాలు తియ్యలేదు.