భద్రక్క మూతి చూసి చదివిన పిల్లలు

మా భద్రక్క పోయి ఏడాదైంది. పోయినవాళ్లను పొగడాలంటారు. నేను పొగిడితే ఆమే లేచొచ్చి నవ్వుతది కాబట్టి జరిగింది జరిగినట్టే రాస్తున్న. నా చదువు ఐదో తరగతే. రాతల తప్పులుంటే అక్కనే అనుండ్రి, నేర్పింది ఆమెనే.

అక్క కాశిబుగ్గల బాల్వాడి టీచరు. బావ సారంగపాణి మగ్గం మీద జంపఖానాలు నేసేటోడు. పిల్లలకు చదువుడు ఎట్ల వస్తదో పరిశోధన చేసే రాజేశ్వర్ రావు సారు రెండేండ్లు అక్క బాల్వాడిల మూలకు కూసొని ఏందేందో రాసుకున్నడు. 1981ల ఒకనాడు ఇంటికొచ్చిండు.

"భద్రమ్మా, మారిషస్‌ల మన తెలుగోళ్ల మనుమలున్నరు. ఇంట్ల వేరే భాష మాట్లాడి, సాయంత్రం బడిల తెలుగు నేర్సుకుంటరు. నాలుగు నెలలు పరిశోధనకు సాయం రా. జీతం లేదు. టికెట్టు, తిండి ఇస్తరు."

వాడకట్టంత నవ్వింది. "కాశిబుగ్గల పిల్లలు అయిపోయిండ్రా, సముద్రం దాటి పోతానవ్?" అన్నది అక్క అత్త.

"పోనియ్యి అవ్వా," అన్నడు బావ. "నాలుగు నెలలు నాకు సంతకం నేర్సుకునే బాధ తప్పుతది."

అక్కడ అక్క పని చిన్నదే. కొత్త పాఠం పిల్ల ముందల పెట్టి, నిమిషంల ఎన్ని మాటలు చదివిందో రాయాలె. పిల్ల ఆగితే మాట అందియ్యొద్దు. పిల్లలకు చదువు వచ్చిందని తేలితేనే ఆ ఊరి పెద్దలు బడి నడిపిస్తరు. లేకుంటే మూసుడే.

ముప్పై ఒక్కమందిల ఇరవై తొమ్మిది మంది గడగడ చదివిండ్రు. సారు మురిసిండు. అక్క కూడా మురిసింది, రెండ్రోజులు. మూడోనాడు ఒక పిల్ల కండ్లు పుస్తకం మీద లేవని చూసింది. అవి అక్క మూతి మీద ఉన్నయ్.

మా దగ్గర పిల్ల ఆగితే టీచరు ఊకోదు. సప్పుడు రాకుండ పెదవులతోని మాట అందిస్తది. ఆకలైనోనికి అన్నం పెట్టినట్టే అది, దొంగతనం అనుకోం. అక్కకు తెల్వకుంటనే మూతి కదిలింది.

సంగతి చెప్తే సారు తల పట్టుకున్నడు. "పెద్దలకేం చెప్పాలె భద్రమ్మా?"

"నేనే చెప్త సారూ. మూతి నాది."

ఈసారి కొంగు మూతికి కట్టుకొని చదివించింది. పన్ను నొప్పి అనుకొని ఒక పిల్ల లవంగం తెచ్చిచ్చింది. తొమ్మిది మందే చదివిండ్రు.

పెద్దల ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పింది. "ఇన్నేండ్లు బడి నడిపి ఏం లాభమమ్మా?" అన్నడొకాయన.

"తాతా, ఇరవై మంది నా మూతి కదిలితే తెలుగు మాట పట్టిండ్రు. అక్షరం పట్టరా? నన్ను వాళ్ల ఎనక కూసోనియ్యుండ్రి."

ఇంకో ముసలాయన, "నా పెండ్లాం మూతి నలభై ఏండ్లు చూసిన, ఒక్కమాట పట్టలే. పిల్లలు గట్టోళ్లే," అన్నడట. నవ్వుకుంటనే గడువిచ్చిండ్రు, అక్క ఉన్నన్నాళ్లు. తిరుగు ప్రయాణానికి ముందు మళ్ల చదివించాలె. ఇరవై మందన్న చదివితేనే బడి.

అక్క రెండు నెలలు పిల్లల ఎనకనే కూసున్నది. ఆఖరినాడు పెద్దలందరు వచ్చిండ్రు. పంతొమ్మిది మంది చదివిండ్రు. పదకొండు మంది తడబడ్డరు. ఆఖరుకు లవంగం తెచ్చిన పిల్ల లేచింది. సగంల ఒకమాట దగ్గర ఆగింది. ఎనక అక్క పెదవులు కదిలినయట, ఆమెను ఆ దేవుడే ఆపాలె. పిల్ల మాత్రం ఎనకకు తిరగలే. పుస్తకాన్ని ఇంకింత దగ్గరికి గుంజుకొని, అక్షరం మీద వేలు పెట్టి, మెల్లగ ఆఖరుదాక తనే చదివింది.